కొసరుగా ఇచ్చిన నంబరు

వెయ్యి నూట పదహార్లు పెళ్లిలో చదివించినవాళ్లు లెక్కలేనంతమంది ఉంటారు. సాఫ్ట్‌వేర్ వెర్షన్ నంబరుగా చదివించిన మొనగాణ్ని మాత్రం నేనొక్కణ్నే అనుకుంటాను. అదీ రూపాయి ఖర్చు లేకుండా, కస్టమరు అడిగిన తగ్గింపులో దమ్మిడీ వదలకుండా, ఆయన డబ్బుతోనే చాయ్ తాగి, లేచి వస్తుంటే వెనకనుంచి "హుషారుగానివి తమ్మీ" అనిపించుకుని మరీ! ఆ పూట దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద నా నడక చూసి ఉండాల్సింది. రోడ్డంతా నా పేరున రిజిస్టరైనట్టే నడిచాను.

ఆ హుషారుకు బిల్లు తర్వాత వచ్చింది. ప్యాకేజీలు, డిప్లాయ్‌మెంట్లు అంటూ ఈ ఉద్యోగాల్లోకి ఇప్పుడు వస్తున్న పిల్లలు ఇది చదివి నవ్వుకుంటే నాకేం అభ్యంతరం లేదు. నవ్వడం అయ్యాక మీ ఫైళ్ల పేర్లు మాత్రం ఒకసారి చూసుకోండి.

నేను పెరిగింది కిరాణా కొట్టులో. నల్లగొండ పక్క పల్లె నుంచి వచ్చి మా నాన్న దిల్‌సుఖ్‌నగర్ సందులో పెట్టిన కొట్టది. మాకు అటు బట్టల దుకాణం, ఇటు స్టీలు సామాను. బడిలో ఎక్కాలు నేర్చుకోకముందే కొసరు వేయడం నేర్చుకున్నాను. కిలో కందిపప్పు తూచాక, పొట్లం కట్టేలోపు, ఇంకో నాలుగు గింజలు పైన పడాలి. "తూకంల ఏస్తే అది సరుకు. తూకం అయినంక ఏస్తే అది ప్రేమ" అనేవాడు నాన్న. నాలుగు గింజలకే ధర తగ్గించమనే నోళ్లు మూతపడడం కళ్లారా చూశాను. అదే నా ఎంబీఏ.

డిగ్రీ ఎలాగో గట్టెక్కి, ఆ పనీ ఈ పనీ చేసి, చివరికి ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో కుదురుకున్నాను. కింద మిఠాయి దుకాణం, పైన బ్యాంకు పరీక్షల కోచింగ్, మధ్య అంతస్తులో మేము. దుకాణాలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మడం, అది నడిచేలా చూసుకోవడం మా పని. కోడు రాయడం నాకు రాదు. బేరం వచ్చు. రాయడం వచ్చిన మనిషి ఒకామె ఉండేది, మా ప్రోగ్రామర్. గుంటూరు వైపు వాళ్లు, పెళ్లయ్యాక కొత్తపేటలో కాపురం. మామూలుగా నన్ను "సార్" అనేది. కోపం వస్తే "అన్నయ్యగారూ" అనేది. ఆ పిలుపు విన్న రోజున నేను మెట్లు దిగి మిఠాయి దుకాణంలో కూర్చునేవాణ్ని.

అవి తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. మా పెద్ద కస్టమరు ఒక సేఠ్. మలక్‌పేట నుంచి పెద్ద అంబర్‌పేట్ దాకా విజయవాడ రోడ్డు పొడుగునా ఆయనకు మందుల దుకాణాలుండేవి. ఏడాదికోసారి ఒప్పందం కొత్తగా రాసుకోవాలి. ఆ ఏడు కూడా ఎల్బీనగర్‌లోని ఆయన గదికి వెళ్లాను.

"ఎంత తగ్గిస్తవ్ తమ్మీ?"

"మీ అసుంటి పెద్దమనిషికి తగ్గించి ఇస్తే నాకు ఇజ్జత్ గాదు సేఠ్."

"నా ఇజ్జత్ సంగతి నేను జూస్కుంట. పది శాతం తియ్యి."

"సేఠ్, పది పైసలు గూడ తియ్యలేను."

ఇలా గంటసేపు. చాయ్ వచ్చింది, పోయింది. విసుగొచ్చి ఆయన, నేను చూపించడానికి తెచ్చిన కొత్త వెర్షన్ వైపు తిరిగాడు. తెర కింది మూలలో 3.8 అని కనబడుతోంది.

"గీ మూడు పాయింట్ ఎనిమిదేంది?"

"కొత్త వెర్షన్ నంబరు సేఠ్. వచ్చే వారం అన్ని దుకాణాలల్ల పడ్తది."

"బిల్లు మీద గూడ వస్తదా?"

"కింద, చిన్నగ వస్తది."

"ఎనిమిది శని నంబర్ తమ్మీ! నేను బండి నంబర్ గూడ కూడి జూసి తీస్కుంట, ఎనిమిది రావద్దని. ఇగ గిది పొద్దుగాల లేస్తె ప్రతి బిల్లు మీద అచ్చయితదా?"

ఆయన ముఖంలో తలుపు తెరుచుకోవడం నాకు కనిపించింది. వ్యాపారుల ఇంట్లో పుట్టినవాడికి అలాంటి తలుపు కనబడితే కాలు ఆగదు.

"సేఠ్, పైసల్ల తగ్గించలేను గని, మీకోసమని నంబర్ మారుస్త. ఎనిమిది తీసేసి వెయ్యి నూట పదహారు పెడ్త. మూడు పాయింట్ వెయ్యి నూట పదహారు. ప్రతి బిల్లు మీద శుభంగ ఉంటది."

సేఠ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నిజంగనా?"

"మీ ఒక్కలకే."

ఆయన సంతకం పెట్టాడు. నేను పైన చెప్పిన నడక నడిచాను.

నేను ఏం చేశానో అర్థం కావాలంటే మా టూలు సంగతి కొంచెం చెప్పాలి. కొత్త ప్యాకేజీని మా ఆఫీసు సర్వర్లో పెడితే చాలు. పొద్దున్న దుకాణం తెరిచి కంప్యూటర్ వేయగానే అది మా సర్వర్‌ను అడుగుతుంది, కొత్తది ఏమన్నా ఉందా అని. ఉంటే దించుకుని పెట్టుకుంటుంది. మరి కొత్తదో పాతదో దానికెలా తెలుస్తుంది? ఫైలు పేరు చూసి. మా కొట్టులో బస్తా మీద ఏం రాసి ఉంటే లోపల అదే ఉన్నట్టు. ఎవరూ కుట్టు విప్పి చూడరు.

పేరులోంచి నంబరు చదవడంలో మా పాత టూలు మహా మొద్దు. అక్షరాలు పోల్చినట్టు అంకెలు పోల్చేది. దాని దృష్టిలో 3.10 కన్నా 3.9 పెద్దది. ఒకటితో మొదలయ్యేది తొమ్మిది కన్నా చిన్నదే కదా అని దాని వాదం. మా ప్రోగ్రామర్ దాన్ని తీసిపారేసి కొత్తది రాసింది. చుక్క దగ్గర విడగొట్టి, ఏ ముక్కకా ముక్కను పూర్తి సంఖ్యగా లెక్కించి, పది తొమ్మిది కన్నా పెద్దదని దానికి నేర్పింది. ఇంకో కట్టుబాటు కూడా పెట్టింది: దుకాణంలో పెద్ద నంబరు ఉంటే చిన్న నంబరు ప్యాకేజీని తాకకూడదు. అంతకుముందు ఎవరో పాత సీడీ వేసి ఒక దుకాణంలో ధరలన్నీ పోయిన ఏటికి తీసుకెళ్లారు. అది మళ్లీ జరగకుండా ఆ కట్టుబాటు.

తెర మీద, బిల్లు మీద కనబడే నంబరు కూడా ఆ ఫైలు పేరులోంచి వచ్చేదే. అంటే సేఠ్‌కు ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలంటే ఫైలు పేరు మార్చాలి. ఆమె చెల్లెలి గృహప్రవేశమని ఊరెళ్లింది. ఫైలు పేరు మార్చడానికి చదువు అక్కర్లేదు. మౌస్ కుడి బటను నొక్కడం వస్తే చాలు. 3.8 చెరిపి 3.1116 కొట్టి సర్వర్లో పెట్టాను.

ఆమె తిరిగి వచ్చాక అడిగింది. "ఎనిమిది వెళ్లిపోయిందా సార్?"

"పోయింది. సేఠ్‌కు నంబర్ నచ్చలే. జర మార్చిన."

"స్క్రీన్ మీద మాత్రమేనా?"

"కనపడేది స్క్రీన్ మీదనే గదమ్మా."

మంచి బేరగాడు అబద్ధం చెప్పడు. ప్రశ్న పక్కన నిలబడి జవాబు చెబుతాడు. ఆమె చేతిలో పని చాలా ఉంది. ఇంకేం అడగలేదు.

కొన్నాళ్లకు హయత్‌నగర్ దుకాణం ఫార్మసిస్టు ఫోన్ చేసింది. చౌటుప్పల్ నుంచి రోజూ బస్సులో వచ్చిపోయే అమ్మాయి, మాట కరుకు, పని నికార్సు.

"అన్నా, మీ స్క్రీన్ల ఒక గడ్‌బడ్ ఉన్నది. థైరాయిడ్ మాత్ర ఇరవై అయిదు లేదనుకో, దానికి బదులు ఏదియ్యాలె అని నొక్కితె, వేరే కంపెనీ వంద జూపిస్తున్నది. మందు ఒక్కటే, పవర్ నాలుగింతలు. నేనైతె చూసి ఆపుత. నేను లేని నాడు కౌంటర్ల కూసునేటోళ్లు స్క్రీన్ ఏం జెప్తె అదే ఇస్తరు."

"ఎవరన్నా తీసుకున్నరా?"

"ఇంకా లేదు. మా కాడ ఒక కండక్టర్ తాత ఉన్నడు, ఆర్టీసీల జేసి రిటైరైండు. గుండెకు స్టెంటేసిండ్రు. ఆయనకు ఇరవై అయిదే రాసిండు డాక్టరు, పెంచొద్దని మరీ చెప్పిండు. గసుంటాయనకు వంద వోతె ఎవలు జిమ్మేదారి? సర్టిఫికెట్ నాది గోడకున్నది."

ప్రోగ్రామర్‌కు చెప్పాను. పవర్ గడి ఖాళీగా ఉన్న మందులన్నీ ఒకటే అని మా సాఫ్ట్‌వేర్ అనుకుంటోందని ఆమె పట్టుకుంది. ఆ రోజే సరిచేసి, 3.9 అని పేరు పెట్టి సర్వర్లో వేసింది. మర్నాడు ఆఫీసు తెర మీద దుకాణాలన్నిటి పక్కనా పచ్చ టిక్కులు వరసగా పడ్డాయి. నేను హయత్‌నగర్‌కు ఫోన్ చేసి, "అయిపోయిందమ్మా, అన్నిట్ల పడ్డది" అన్నాను. ఆమె నమ్మింది. ఇరవై అయిదు మాత్ర అప్పుడు అన్ని దుకాణాల్లోనూ కావలసినంత ఉంది. కాబట్టి బదులు మందు వెతకాల్సిన అవసరం ఆమెకు రాలేదు.

ఆ తర్వాతి వారాల్లో నగరం రోజుకో తీరుగా ఉండేది. ఒకరోజు రాస్తారోకో, ఒకరోజు బంద్, ఒకరోజు బస్సుల్లేవు. మా పైన కోచింగ్ పిల్లలు పుస్తకాలు మూసి జెండాలు పట్టుకునేవాళ్లు. ఆఫీసులో ఆమెకూ నాకూ సరదా పోట్లాట నడిచేది.

"రేపు మళ్లీ మీవాళ్ల బందట కదా సార్?"

"మావోళ్లు బంద్ జేస్తె సెలవు మీకే గదమ్మా. థాంక్స్ జెప్పు."

"సెలవెక్కడ, పచ్చళ్ల పనంతా రేపే పెట్టారు మా అత్తగారు. మీ ఉద్యమం వల్ల నా నడుం పోతోంది."

నవ్వుకునేవాళ్లం. నవ్వు ఆగాక ఇద్దరం కాసేపు కిటికీలోంచి రోడ్డు వైపు చూసేవాళ్లం. అప్పుడు నోటికి రాని మాటలు ఆమెకూ ఉండేవి, నాకూ ఉండేవి.

ఆ బంద్ రోజు పొద్దున్న నేను ఇంట్లో టిఫిన్ తింటున్నాను. హయత్‌నగర్ ఫార్మసిస్టు ఫోన్, చౌటుప్పల్లో ఇంటి నుంచి.

"అన్నా, అయిపోయిందన్నవ్ గదా?"

"ఏది?"

"థైరాయిడ్ ముచ్చట. బస్సుల్లేవు, నేను పోలే. కౌంటర్ల సేఠ్ బామ్మర్ది కూసున్నడు. వారం నుంచి లారీలు రాక ఇరవై అయిదు స్టాకు లేదు. కండక్టర్ తాత వస్తె నీ స్క్రీన్ వంద జూపిచ్చిందంట, డబ్బా ఇచ్చి పంపిండంట. నాకు గొప్పగ ఫోన్ జేసి చెప్తుండు, గిరాకీ పోనీయలే అని!"

"కంప్యూటర్ బంద్ జేసి మళ్ల చాల్ జెయ్యమను" అన్నాను. పాతికేళ్ల ఉద్యోగంలో ఏ రోగానికైనా నా దగ్గరున్న మొదటి మాత్ర అదే.

"చేపిచ్చిన. గదే జూపిస్తున్నది."

చేతిలో ఇడ్లీ ప్లేట్లో పెట్టేశాను. "తాత యాడుంటడు?"

"ఎల్బీనగర్ చౌరస్తకు పోయిండంట, వంటా వార్పు ఉన్నదని. ఆయనకు ఫోన్ లేదు."

ప్రోగ్రామర్‌కు ఫోన్ చేశాను. బయటికి వెళ్లొద్దని వాళ్లాయన అంటున్నాడని, అయినా వస్తున్నానని చెప్పింది. కొత్తపేట నుంచి నడిచి వచ్చింది. దారిలో జెండాలు పట్టుకున్న కుర్రాళ్లు ఆపి ఎక్కడికని అడిగారట. "మందుల షాపు కంప్యూటర్ చెడిపోయింది" అంటే, "పో అక్కా, జర పైలం" అని జరిగి దారిచ్చారట.

ముందు ప్యాకేజీ విప్పి చూసింది. సరిచేసిన లెక్క లోపల భద్రంగా ఉంది. సర్వర్ బాగుంది, లైను బాగుంది, పచ్చ టిక్కులు బాగున్నాయి. అన్నీ బాగున్నాయి, తప్పు మాత్రం దుకాణంలో అలాగే ఉంది. "టిక్కు ఎందుకు పెట్టావే నువ్వు" అని టూలును తిట్టుకుంటూ అది లోపల రాసుకునే చిట్టా తెరిచింది. హయత్‌నగర్ వరసలో ఒక్క ముక్క ఉంది: ఉన్నదే కొత్తది, వచ్చింది పాతది, వదిలేశాను. మలక్‌పేటదీ అదే మాట. అన్ని దుకాణాలదీ అదే మాట. వదిలేసినా సరే, గొడవేం లేదు కాబట్టి టూలు పచ్చ టిక్కు పెట్టేది.

"3.9 పాతదేంటి? వీళ్ల దగ్గరున్నది ఎంత?" అని కిందికి జరిపింది. ఆగింది. నా వైపు తిరిగింది.

"వెయ్యి నూట పదహార్లు. ఎవరి పెళ్లికి చదివించారు అన్నయ్యగారూ?"

మెట్లు దిగి వెళ్లడానికి మిఠాయి దుకాణం కూడా ఆ రోజు మూసి ఉంది.

మొత్తం చెప్పాను. శని నంబరు, తగ్గింపు, కుడి బటను. ఆమె తల పట్టుకుంది. "తొమ్మిది కన్నా పది పెద్దదని నేర్పడానికి రెండు వారాలు కష్టపడ్డాను. అది నేర్చుకుంది. వెయ్యి నూట పదహారును కూడా తొమ్మిది కన్నా పెద్దగానే చూసింది. మొద్దు టూలైనా బాగుండేది, తొమ్మిదిని చూసి మోసపోయి పెట్టేసుకునేది."

"ఇప్పుడెట్ల?"

"ఎట్లేముంది? ఇవాళ్టికి వెయ్యి నూట పదిహేడు." పేరు మార్చి సర్వర్లో పెట్టింది. "నేను దుకాణాలన్నిటికీ ఫోన్ చేసి కంప్యూటర్లు ఆపి వేయిస్తాను. మీరు ఆ పెద్దాయన్ని పట్టుకోండి."

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్‌కు నడిచాను. అంత ఖాళీ రోడ్డు ఆ దారిలో నేనెన్నడూ చూడలేదు. చౌరస్తా దగ్గరికొచ్చేసరికి జనం. రోడ్డు మధ్యన ఇటుకల పొయ్యిలు, వాటి మీద పెద్ద పెద్ద గంజులు, పొగ, డప్పులు. ఫార్మసిస్టు ఆనవాలు చెప్పింది: మెడలో ఎర్ర తువ్వాల, ఎవర్ని చూసినా "జరుగుండ్రి ముందుకు" అంటాడు. కిచిడీ కోసం వరసలో నిలబడ్డ జనాన్ని ఒక ముసలాయన సరిగ్గా ఆ మాటే అంటూ ముందుకు జరుపుతున్నాడు. చొక్కా జేబులో మందుల కవరు ఉబ్బెత్తుగా కనబడుతోంది.

"కండక్టర్ సాబ్, పొద్దుగాల హయత్‌నగర్ల మాత్రలు కొన్నరా?"

"కొన్న. అయితె?"

"అవి జర వాపస్ ఇయ్యాలె."

"ఎందుకియ్యాలె? పైసలిచ్చి కొన్న. బిల్లున్నది."

ఇక్కడ నేను నా కులవృత్తి చేశాను. "పైసలు వాపస్ ఇస్త. పైకెంచి ఇంకో వంద ఇస్త."

ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూసి గొంతు పెంచాడు. "ఓ తమ్ములూ, ఇటు రాండ్రి! మందులు దొరకని దినాల మందు మీద వందెక్కువిచ్చి కొంటడంట ఈయన. బ్లాకుల అమ్ముకునేటోడు!"

క్షణంలో చుట్టూ జనం. "ఎవడ్రా నువ్వు?" "యాడికెళ్లి వచ్చినవ్?" "ముసలాయన మాత్రల మీద పడ్డవేందిరా భై!" ఎవరిదో చెయ్యి నా కాలరు మీద పడింది. పుట్టి బుద్ధెరిగాక నేను ఏ గొడవలోంచైనా ధర చెప్పే బయటపడ్డాను. అక్కడ ఎంత చెబితే అంత మునుగుతానని అర్థమైంది.

"పెద్దాయనా, నా తప్పు. మందుల దుకాణం కంప్యూటర్ల తప్పు పడ్డది, అది నావల్లనే పడ్డది. నీ మాత్ర ఇరవై అయిదు. జేబులున్నది వంద. స్టెంటేసుకున్న మనిషివి. వేసుకోకు. పైసలొద్దు, ఏమొద్దు, డబ్బా మీద నువ్వే చదువుకో."

ఆయన డబ్బా తీసి దూరంగా పట్టుకుని చదివాడు. పక్కనున్న ఆడమనిషి చేత ఇంకోసారి చదివించాడు. కాలరు మీది చెయ్యి దిగింది.

"ఒకటి ఏసుకున్న బిడ్డా" అన్నాడు మెల్లగా. "నిన్నటితోని పాత డబ్బా ఒడిసింది. పరిగడుపున ఏసుకోవాలంటరు గదా, కొనంగనే ఆడనే ఏసుకున్న."

ఫార్మసిస్టుకు ఫోన్ చేశాను. ఆమె ఆయన డాక్టరుకు ఫోన్ చేసి మళ్లీ నాకు చేసింది. ఒక్క మాత్రతో ఏమీ కాదు, కనిపెట్టుకుని ఉండండి, దడగానీ ఆయాసంగానీ వస్తే దవాఖానకు తీసుకుపోండి అని డాక్టరు మాట.

నేను ఆయన పక్కన ఫుట్‌పాత్ మీద కూర్చున్నాను.

"కాపలానా?"

"కాపలానే."

"సరే తిను మరి. ఉత్తగ కూసుంటె పోలీసోడనుకుంటరు." విస్తరిలో కిచిడీ పెట్టించాడు. తింటుంటే అడిగాడు, తప్పు ఎలా పడిందని. నంబరు సంగతి నాకు వచ్చినట్టు చెప్పాను. బస్సు బోర్డు తప్పు రాసినట్టన్నమాట అన్నాను.

"బోర్డు తప్పయితె డిపోల రాసినోన్ని ఎవ్వడు తిట్టడు, కండక్టర్ని తిడ్తరు. ముప్పై ఏండ్లు తిన్న గా తిట్లు" అన్నాడు. "ఇప్పుడు నేనెవల్ని తిట్టాలె? దుకాణపోన్నా, నిన్నా?"

"నన్నే."

తిట్టాడు. కడుపునిండా తిట్టాడు. మధ్యలో ఆపి వరసలో వాళ్లను ముందుకు జరిపి వచ్చి, మళ్లీ తిట్టాడు.

అప్పుడే సేఠ్ ఫోన్. బామ్మర్ది చెప్పినట్టున్నాడు. డప్పుల చప్పుడులో ఒక చెవి మూసుకుని విన్నాను.

"తమ్మీ, గీ ప్రోగ్రాం రాసింది మీ గా ఆంధ్రామెనే గదా?"

ఒక్క "ఊఁ" అంటే సరిపోయేది. ఆ రోజుల్లో, ఆ చౌరస్తాలో, ఆ "ఊఁ"కు సాక్ష్యం ఎవరూ అడగరు. అది ఎంత చౌకగా దొరుకుతోందో నాకు తెలుసు. చౌక సరుకు చూడగానే గుర్తుపట్టే కళ్లు నావి.

"కాదు సేఠ్. ఆమె రాసింది సక్కగున్నది. నంబర్ నేను పెట్టిన, మీరు ఒప్పుకున్నరు."

"నన్నెందుకు గలుపుతవ్ రా భై?"

"సరే, మిమ్ములను తీసేస్త. నేనొక్కన్నే."

"తాత ఎట్లున్నడు?"

"నన్ను తిడ్తుండు."

"అయితె మంచిగనె ఉన్నడు" అని పెట్టేశాడు.

పొద్దు వాలేదాకా కూర్చున్నాను. దడ రాలేదు, ఆయాసం రాలేదు. డబ్బా నాకిచ్చి, బిల్లు మాత్రం ఆయన దగ్గరే ఉంచుకున్నాడు. మూడోనాడు ఇరవై అయిదు డబ్బా ఒకటి మలక్‌పేటలో ఇంకో దుకాణం నుంచి సంపాదించి హయత్‌నగర్‌లో ఆయన ఇంటికి తీసుకెళ్లి ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని అంకె చదివాకే తీసుకున్నాడు.

అక్కడితో అయిపోలేదు. ఆమె వేసిన 3.9 వారాల కిందటే దుకాణాలకు చేరాల్సింది. ఆ వారాలన్నీ పచ్చ టిక్కుల కింద తప్పు అలాగే కూర్చుని ఉంది. లారీలు రాని రోజుల్లో, ఫార్మసిస్టులు రాలేని పూటల్లో, ఇరవై అయిదుకు బదులు వంద ఎవరెవరికి వెళ్లిందో బిల్లుల్లోంచి ప్రోగ్రామర్ బయటికి తీసింది. ఎక్కువ లేవు. ఫార్మసిస్టులు ఉన్నచోట చూసి ఆపేశారు. ఆగనివాటి కోసం ఆమె, నేను కలిసి ఫోన్లు చేశాం, దొరకని ఇళ్లకు వెళ్లాం.

మలక్‌పేటలో ఒక టైలరమ్మ రెండు వారాలుగా వేసుకుంటోంది. గుండె దడ, చేతులు వణుకు, నిద్ర లేదు. ఊళ్లో గొడవలకు బెంగపడ్డాననుకుందట. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం, పాత మాత్రకు మార్చారు, కొన్ని వారాలకు కుదుటపడింది. "నిద్ర లేక కుట్టిన జాకెట్లన్నీ విప్పి మళ్ల కుట్టిన. గా కూలి ఎవలిస్తరు?" అని అడిగింది. నేను ఇవ్వబోతే తీసుకోలేదు. అడగడానికే అడిగిందట.

ఆ తర్వాత మా ప్రోగ్రామర్ టూలు మార్చేసింది. వెర్షన్ నంబరు ప్యాకేజీ లోపల రాసి ఉంటుంది, టూలు దాన్నే నమ్ముతుంది. లోపలి నంబరుకూ ఫైలు పేరుకూ పొంతన లేకపోతే ఎర్రగా చూపించి ఆగిపోతుంది. వదిలేసినదానికి పచ్చ టిక్కు లేదు, పసుపు రంగు గుర్తు పడుతుంది, ఎందుకు వదిలేసిందో పక్కన కనబడుతుంది. పిల్లలూ, మీ టూళ్లు ఇంతకన్నా తెలివైనవే అయి ఉంటాయి. అయినా అవి "సరే" అన్నప్పుడు, పని చేశాననా, చేయక్కర్లేదనుకున్నాననా, ఏది చెబుతున్నాయో అడగండి. నాకు అప్పుడు ఈ రెండింటికీ తేడా తెలియలేదు. ఎందుకంటే రెండూ పచ్చగానే ఉండేవి.

ఆమె నాతో నెల రోజులు పని మాటలే మాట్లాడింది. ఒకరోజు పచ్చడి సీసా నా బల్ల మీద పెట్టి, "స్క్రీన్ మీదేనా అని అడిగాను. మీరు సరిగ్గా చెప్పి ఉంటే రెండు నిమిషాల పని" అంది. నేను సరిగ్గా చెప్పలేదన్నాను. అంతే. మళ్లీ "సార్" అయ్యాను. సేఠ్ మాత్రం ఇంత జరిగాక కూడా తెర మీద ఆ శుభమైన నంబరు తీసేయడానికి ఒప్పుకోలేదు. అది ఉత్త అలంకారంగా, దేనికీ సంబంధం లేకుండా, తెర మూలలో ఉండిపోయింది.

ఇక లెక్క. సేఠ్ అడిగిన పది శాతం ఆ ఏడాది చివర్లో అడక్కుండానే ఇచ్చేశాం. అంటే నేను మిగిల్చింది సున్నా. కండక్టర్ తాత క్షేమం, అందులో నా గొప్ప లేదు, ఫార్మసిస్టు ఇంట్లో ఉండి కూడా దుకాణం సంగతి పట్టించుకునే మనిషి కావడం వల్ల. టైలరమ్మ రెండు వారాల నిద్ర నా పేరున. మిగిలినవాళ్లలో కొందరు డబ్బా విప్పనేలేదు, కొందరు నాలుగైదు రోజులు వేసుకున్నారు. అందర్నీ కలిశాం, ఒక్కరిని తప్ప.

ఆ ఒక్కటి ఎల్బీనగర్ బస్టాపు దగ్గరి దుకాణంలో, బస్సులు ఆగిపోయిన ఒకరోజు అమ్మింది. నగదు ఇచ్చి తీసుకున్నారు. పేరు లేదు, డాక్టరు పేరు లేదు, ఫోను లేదు. అమ్మినతనికి మనిషి గుర్తు లేదు. సూర్యాపేట పోవాల్సినవాళ్లో, విజయవాడ పోవాల్సినవాళ్లో, బస్సు దొరక్క నిలబడిపోయినవాళ్లో తెలియదు. దుకాణం అద్దానికి కాగితం అంటించాం. ఎండకు అక్షరాలు వెలిసిపోయేదాకా ఉంచాం. ఎవరూ రాలేదు. డబ్బాలో నూరు మాత్రలుంటాయి. ఎన్ని వేసుకున్నారో, ఎవరన్నా చూసి ఆపారో, ఆపలేదో నాకు తెలియదు. రిటైరై ఇన్నేళ్లయినా తెలియదు. ఆ హుషారుకు వచ్చిన బిల్లులో ఆ పద్దు ఒక్కటి నేను కొట్టేయలేదు.